ఇంటి స్లాబుకు కాంక్రీటు అంచనా: కొలత, పరిభాష, ఆచరణ

వ్యాససంగ్రహం

సొంత ఇంటి నిర్మాణంలో స్లాబు పోసే రోజు కీలకమైనది. ఆనాటికి ఎంత కాంక్రీటు కావాలో ముందే తేల్చడం పొడవు, వెడల్పు, మందాల గుణకారంగా కనిపించినా ఆచరణలో పలుచోట్ల తప్పుతుంది. పటంలోని మందానికీ సెంట్రింగు మీది మందానికీ గల తేడా, దూలాలను లెక్కలో మరవడం, తడి ఘనపరిమాణాన్ని పొడి ఘనపరిమాణంగా పొరబడడం, ఒకే మాటను రెండు కొలతలకు వాడడం ఇందుకు ముఖ్య కారణాలు. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు గల ఇంటి స్లాబును ఉదాహరణగా తీసుకొని అంచనా క్రమాన్ని అంకెలతో వివరించడం, లోతును అనేక స్థానాల్లో కొలిచి సగటు తీయమన్న భారతీయ గణిత గ్రంథాల సూత్రం నేటి స్లాబుకు ఎలా వర్తిస్తుందో చూపడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

కీలకపదాలు: స్లాబు, అంచనా, ఘనపరిమాణం, మందం, సమమితి, ఖాతవ్యవహారం, తరుగు, వృత్తిపదాలు.

1. ఉపోద్ఘాతం

ఇల్లు కట్టే పనిలో చాలా పొరపాట్లను మరుసటి రోజు దిద్దుకోవచ్చు. గోడ వంకరగా లేస్తే రెండు వరుసలు తీసి మళ్ళీ కట్టవచ్చు. పూత బాగా రాకపోతే చెక్కి మళ్ళీ పూయవచ్చు. స్లాబు విషయంలో ఆ వీలు లేదు. పొద్దున మొదలైన పని ఆ రోజే, ఎడం లేకుండా పూర్తికావాలి. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు ప్రాథమికంగా గట్టిపడడానికి కనీసం 30 నిమిషాలు పట్టాలని భారతీయ ప్రమాణాలు నిర్దేశిస్తాయి. ఎండ, గాలి, కలుపు రీతులను బట్టి ఆ సమయం పెరగవచ్చుగాని, పూటల కొద్దీ ఆగే వీలుండదు. సగంలో కాంక్రీటు అయిపోతే, పోసిన భాగం గట్టిపడిన తరువాత మిగిలిన భాగం వచ్చి కలుస్తుంది. ఆ రెండింటి నడుమ అతుకు మిగిలిపోతుంది. తొలకరి వానకు చెమ్మ మొదట కనిపించేది తరచుగా అలాంటి అతుకు దగ్గరే.

కనుక కాంక్రీటు అంచనాను ఖర్చులెక్కగా మాత్రమే చూడడం సరికాదు. ఎక్కువ తెప్పిస్తే డబ్బు వృథా అవుతుంది. తక్కువ తెప్పిస్తే ఇంటి కప్పే దెబ్బతింటుంది. ఈ రెండు నష్టాలు సమానం కావు. ఈ తేడాను దృష్టిలో ఉంచుకొని అంచనా వేసే పద్ధతిని పరిశీలించవలసి ఉంది.

2. కొలతల పరిభాష: ఒకే మాట, రెండు అర్థాలు

తెలుగునాట ఇంటి స్లాబు మూడు కొలమానాల మధ్య తయారవుతుంది. ఇంజనీరు గీసిన పటంలో కొలతలు మిల్లీమీటర్లలో ఉంటాయి. మేస్త్రీ అడుగులు, అంగుళాలలో పని చేయిస్తాడు. రెడీమిక్స్ కాంక్రీటు అమ్మేవారు ఘనపు మీటర్లలో లెక్క కడతారు. వీటికి తోడు సిమెంటు బస్తాల్లోను, ఇసుక, కంకర టన్నుల్లోను లేదా ట్రాక్టరు లోడుల్లోను వస్తాయి. ఒక కొలమానం నుండి మరొక దానికి మారే ప్రతిచోటా పొరపాటుకు అవకాశం ఉంది.

పటంలో 125 మి.మీ. అని ఉన్న మందాన్ని పనిచోట 5 అంగుళాలు అంటారు. 5 అంగుళాలు నిజానికి 127 మి.మీ. ఈ 2 మి.మీ. తేడా చిన్నదే అయినా, దాదాపు 105 చదరపు మీటర్ల స్లాబు మీద అది 0.21 ఘనపు మీటర్లు అవుతుంది. లెక్క తారుమారు చేసేంత కాకపోయినా ఇలాంటివి రెండు మూడు కలిస్తే ప్రభావం కనిపిస్తుంది.

'బస్తా' అన్న మాట బరువునూ పరిమాణాన్నీ సూచిస్తుంది. బస్తా బరువు 50 కిలోలు. వదులుగా పోసిన సిమెంటు ఘనపు మీటరుకు 1,440 కిలోలుగా తీసుకుంటే బస్తా పరిమాణం దాదాపు 1.226 ఘనపుటడుగులు. పనిచోట దీన్ని 1.25గా సవరించుకుంటారు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, 15 అంగుళాల లోతు గల కొలపెట్టెలో పట్టేది ఈ 1.25 ఘనపుటడుగులే. కొలపెట్టెకు బదులు 'బస్తాకు ఇన్ని తట్టలు' అని లెక్క పెట్టినప్పుడు తట్ట ఎంతది, అంచుమట్టానికి నింపారా, పొంగుగా నింపారా అన్నది తేలదు. 'లోడు' కూడా ఇటువంటిదే. ట్రాక్టరు తొట్టి పొడవు, వెడల్పు, సరుకు ఎత్తు కొలిస్తేగాని ఆ మాటకు అంకె రాదు.

'అంకణం' అన్న పాత మాట ఇక్కడ ప్రస్తావించదగినది. రెండు దూలాల నడిమి చోటును, ఇంటిలోని ఒక గడిని అంకణం అన్నారు. కాలక్రమంలో అది వైశాల్యపు కొలతగా కూడా స్థిరపడింది. ఆ వైశాల్యం అన్నిచోట్లా ఒకటి కాదు. కొన్ని చోట్ల 36 చదరపుటడుగులు అంకణమైతే మరికొన్ని చోట్ల 72. మాట ఒకటే అయినా కొలత మారుతుందన్న సంగతి కాంక్రీటు యుగానికి కొత్త కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ పదాలతో 1962లో ఆరంభమైన మాండలిక వృత్తి పదకోశ పరంపరలో బూదరాజు రాధాకృష్ణ వాస్తు పదాలను సంకలనం చేశారు. సెంట్రింగు, స్లాబు, రెడీమిక్స్ వంటి మాటలతో నిండిన నేటి నిర్మాణ పరిభాషకు కూడా అటువంటి సేకరణ అవసరం. అందులో ప్రతి మాట పక్కన దాని కొలత, అది వాడుకలో ఉన్న ప్రాంతం నమోదైతే భాషాధ్యయనానికీ పనికీ ఉపయోగపడుతుంది.

3. అంచనా క్రమం: ఒక ఉదాహరణ

బయటి కొలతల ప్రకారం 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు గల ఒక అంతస్తు ఇల్లు అనుకుందాం. స్లాబు మందం 5 అంగుళాలు. మెట్ల కోసం 7 అడుగులు, 10 అడుగుల కొలతలతో ఖాళీ వదిలారు. పొడవునా మూడు దూలాలు, అడ్డంగా మూడు దూలాలు ఉన్నాయి. దూలం వెడల్పు 9 అంగుళాలు, స్లాబుతో కలిపి మొత్తం లోతు 15 అంగుళాలు. స్తంభాలను దూలాల అడుగుమట్టం వరకు ముందే పోశారు.

3.1 పలక

మొత్తం వైశాల్యం 30 × 40 = 1,200 చదరపుటడుగులు. మెట్ల ఖాళీ 70 చదరపుటడుగులు తీసివేస్తే 1,130 మిగులుతుంది. 5 అంగుళాలను అడుగుల్లోకి మార్చాలంటే 12తో భాగించాలి. 1,130 × 5 ÷ 12 = 470.83 ఘనపుటడుగులు. ఒక ఘనపు మీటరుకు 35.315 ఘనపుటడుగులు కాబట్టి ఇది 13.33 ఘనపు మీటర్లు. అంగుళాలను అడుగులుగా మార్చే ఈ మెట్టు దగ్గర తరచుగా ఒక తప్పు జరుగుతుంది. 5 అంగుళాలను 0.5 అడుగుగా రాస్తే స్లాబు 6 అంగుళాల మందమైనట్టు లెక్క వస్తుంది. అంటే ఐదో వంతు అదనం.

3.2 దూలాలు

దూలం పైభాగపు 5 అంగుళాలు పలకలోనే లెక్కకు వచ్చాయి. అడుగున మిగిలిన 10 అంగుళాలను మాత్రమే ఇక్కడ తీసుకోవాలి. పొడవు దూలాలు 3 × 40 = 120 అడుగులు. అడ్డ దూలం ఒక్కొక్కటి మూడు పొడవు దూలాలను కలుస్తుంది. ఆ కూడళ్ళు ఒకసారి లెక్కకు వచ్చాయి కాబట్టి 30 నుండి 2.25 అడుగులు తీసివేయాలి. అప్పుడు 3 × 27.75 = 83.25 అడుగులు. మొత్తం 203.25 అడుగులు. దూలం కోత వైశాల్యం 0.75 × 10 ÷ 12 = 0.625 చదరపుటడుగులు. కాబట్టి దూలాల పరిమాణం 127.03 ఘనపుటడుగులు.

పలక, దూలాలు కలిపితే 597.86, అంటే సుమారు 598 ఘనపుటడుగులు. ఇది 16.93 ఘనపు మీటర్లు. ఇందులో దూలాల వాటా 21 శాతం. 'స్లాబు ఎంత?' అన్న ప్రశ్నకు వైశాల్యాన్ని మందంతో గుణించి ఊరుకుంటే ఐదో వంతుకు పైగా కాంక్రీటు లెక్కలోకి రాదు. 'స్లాబు' అన్న మాట పటంలో పలకనే సూచిస్తుంది. పనిచోట మాత్రం ఆ రోజు పోసేదంతా స్లాబే. ఈ అర్థభేదమే తప్పుకు మూలం.

3.3 తీసివేతలు, కలుపుకోవలసినవి

కాంక్రీటులోని ఉక్కు చోటు ఆక్రమిస్తుంది గదా అన్న సందేహం సహజం. భారతీయ కొలత ప్రమాణం ఐఎస్ 1200 ప్రకారం కాంక్రీటు పరిమాణం నుండి ఉక్కు పరిమాణాన్ని తీసివేయరు. 0.1 చదరపు మీటరుకు మించని ఖాళీలనూ తీసివేయరు. కరెంటు పెట్టెలు, గొట్టాల రంధ్రాల వంటివి ఈ కోవలోకే వస్తాయి. మెట్ల ఖాళీ వంటి పెద్దవాటిని మాత్రం తప్పక తీసివేయాలి.

మరచిపోయేవి వేరే ఉన్నాయి. స్నానాలగది వద్ద కిందికి దించిన పలకకు చుట్టూ నిలువు అంచులుంటాయి. స్లాబుతో కలిపి పోసే సన్‌షేడ్లు, గోడ దాటి బయటికి వచ్చే అంచులు, అదే రోజు పోసే మెట్ల వరుస కూడా ఉంటాయి. వీటిలో ఏవి ఆ రోజు పోస్తారో ముందే రాసుకోకపోతే అంచనా అసంపూర్ణంగా మిగులుతుంది. ఈ ఉదాహరణలో ఇవేవీ లేవనుకొని, ఒలికిపోవడం, అంటుకుపోవడం వంటివాటికి 5 శాతం తరుగు కలుపుకుంటే 598 ఘనపుటడుగులు 628 అవుతాయి. ఇది 17.78 ఘనపు మీటర్లు.

4. మందం: అనేక స్థానాల కొలత

పై లెక్కలో పొడవు, వెడల్పులు నిశ్చితమైనవి. వాటిలో ఒక అంగుళం తేడా వచ్చినా ఫలితం పెద్దగా మారదు. 40 అడుగుల పొడవులో ఒక అంగుళం అంటే 480 వంతులలో ఒక వంతు మాత్రమే. మందంలో ఒక అంగుళం అంటే ఐదు వంతులలో ఒక వంతు. చిన్న కొలతలో వచ్చిన చిన్న తప్పే పెద్ద తప్పు అవుతుంది. ఇది స్లాబు లెక్కకున్న ప్రత్యేక లక్షణం.

తరుగు కింద కలుపుకున్న 5 శాతం సుమారు 30 ఘనపుటడుగులు. 1,130 చదరపుటడుగుల మీద దాన్ని పరిస్తే వచ్చే మందం 0.32 అంగుళం, అంటే 8 మి.మీ. స్లాబు మందం సగటున 8 మి.మీ. పెరిగితే తరుగుకోసం ఉంచుకున్నదంతా అందులోనే పోతుంది. తరుగు అనగానే ఒలికిపోయే కాంక్రీటు గుర్తుకు వస్తుంది. అయితే ఎక్కువ భాగం కంటికి కనిపించకుండా మందంలోకే చేరవచ్చు.

సెంట్రింగు రేకులు ఒకే మట్టంలో ఉండవు. వాడి వాడి కొన్ని వంగి ఉంటాయి. సరుగుడు కర్రలు నిలిపిన నేల మెత్తనైతే ఉక్కు బరువుకే కొంత కుంగుతాయి. పైమట్టాన్ని రసమట్టంతో సరిచూస్తారు. అడుగుమట్టం పల్లమైన చోటల్లా కాంక్రీటు ఎక్కువ పడుతుంది. పటంలో 5 అంగుళాలని రాసి ఉన్నంత మాత్రాన రేకు మీద ఆ మందమే ఉంటుందన్న నిశ్చయం లేదు.

ఈ సమస్యకు భారతీయ గణిత శాస్త్రం చాలాకాలం క్రితమే దారి చూపింది. గోతుల, చెరువుల ఘనపరిమాణాన్ని తెలిపే ఖాతవ్యవహారం అనే ప్రకరణం 9వ శతాబ్దికి చెందిన మహావీరాచార్యుని గణితసారసంగ్రహంలో ఉంది. ఆ గ్రంథాన్ని సారసంగ్రహ గణితంగా తెలుగు చేసినవాడు పావులూరి మల్లన. తెలుగులో శాస్త్రగ్రంథ రచనకు ఆద్యులలో ఆయన ఒకడు. భాస్కరాచార్యుని లీలావతిలో, అంటే 1150 నాటికి, ఖాతవ్యవహార సూత్రం స్పష్టమైన రూపంలో కనిపిస్తుంది. గోతి వెడల్పు అంతటా ఒకేలా లేకపోతే దాన్ని అనేక స్థానాల్లో కొలవాలి. ఆ కొలతలను కూడి, స్థానాల సంఖ్యతో భాగించాలి. అలా వచ్చినదే సమమితి. పొడవుకూ లోతుకూ ఇదే పద్ధతి. సమమైన వైశాల్యాన్ని సమమైన లోతుతో గుణిస్తే ఘనఫలం వస్తుంది.

సెంట్రింగు మీది స్లాబు అంటే వెడల్పైన, లోతు తక్కువైన గోయి. ఆ సూత్రాన్ని దీనికి యథాతథంగా వర్తింపజేయవచ్చు. ఉక్కు కట్టడం పూర్తయ్యాక, స్లాబు పోయడానికి ముందురోజు, ఎదురెదురు అంచుపలకల పైమట్టానికి దారం బిగించి కట్టాలి. దారం నుండి రేకు వరకు టేపుతో లోతు కొలవాలి. అంకణానికి కనీసం రెండు మూడు చోట్ల, ముఖ్యంగా నడిమిభాగంలో, ఈ కొలత తీయాలి. వివరణకోసం తొమ్మిది చోట్ల వచ్చిన లోతులు అంగుళాలలో ఇలా ఉన్నాయనుకుందాం: 5, 5.25, 5.5, 5, 5.25, 5.75, 5, 5.25, 5.5. మొత్తం 47.5. తొమ్మిదితో భాగిస్తే సమమితి 5.28 అంగుళాలు.

ఈ మందంతో పలక పరిమాణం 497 ఘనపుటడుగులు. పటం ప్రకారం వచ్చిన దానికంటే 26 ఎక్కువ. దూలాలతో కలిపితే 624 ఘనపుటడుగులు, అంటే 17.67 ఘనపు మీటర్లు. కొలిచిన తొమ్మిది చోట్లలో మూడు చోట్ల పటం ప్రకారమే ఉంది. ఒక్కచోట మాత్రమే ముప్పావు అంగుళం తేడా. అంచుల దగ్గర ఒకటి రెండు చోట్ల మాత్రమే టేపు పెట్టి చూస్తే అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపించవచ్చు. అనేక స్థానాలన్న షరతుకు ఉన్న విలువ ఇక్కడ తెలుస్తుంది.

5. తడి పరిమాణం, పొడి పరిమాణం

ఇంతవరకు వచ్చినది పోసిన కాంక్రీటు పరిమాణం. దీన్ని తడి ఘనపరిమాణం అంటారు. పనిచోటనే కలిపేటప్పుడు సిమెంటు, ఇసుక, కంకర ఎంతెంత కావాలో తేల్చడానికి పొడి ఘనపరిమాణం అవసరం. కంకర రాళ్ళ మధ్య ఖాళీలుంటాయి. ఇసుక వాటిలోకి చేరుతుంది. ఇసుక రేణువుల మధ్య ఖాళీల్లోకి సిమెంటు ముద్ద చేరుతుంది. అందువల్ల విడివిడిగా కొలిచిన వస్తువుల మొత్తం కలిపిన తరువాత తగ్గుతుంది. ఆ తగ్గుదలను పూరించడానికి తడి పరిమాణాన్ని 1.54తో గుణించడం వాడుక.

628 × 1.54 = 967 ఘనపుటడుగులు. ఎం20 కాంక్రీటుకు వాడుకలో ఉన్న నిష్పత్తి సిమెంటు ఒక పాలు, ఇసుక ఒకటిన్నర పాలు, కంకర మూడు పాలు. మొత్తం 5.5 పాళ్ళు. అప్పుడు సిమెంటు 175.8 ఘనపుటడుగులు, అంటే సుమారు 143 బస్తాలు. ఇసుక సుమారు 264 ఘనపుటడుగులు, కంకర సుమారు 527. తయారైన కాంక్రీటు 628 అయితే అందులోని వదులు కంకర ఒక్కటే 527 ఉండడం గమనించదగినది. మిగిలినవి చాలావరకు ఆ కంకర సందుల్లోనే ఇముడుతున్నాయని దీనివల్ల అర్థమవుతుంది.

ఈ 1.54 రెండు విధాలుగా తప్పుదారి పట్టిస్తుంది. పనిచోట కలిపేవారు దీన్ని మరిస్తే 143 బస్తాలు కావలసినచోట 93 బస్తాలే లెక్కకు వస్తాయి. రెడీమిక్స్ తెప్పించేవారు దీన్ని అనవసరంగా వాడితే 17.78 ఘనపు మీటర్లకు బదులు 27.4 ఘనపు మీటర్లకు ఆర్డరు ఇస్తారు. రెడీమిక్స్ లారీలో వచ్చేది అప్పటికే కలిపిన తడి కాంక్రీటు. దానికి 1.54తో పనిలేదు. ఏ లెక్కకు ఏ పరిమాణమో తెలియకుండా గుణకాన్ని మాత్రమే గుర్తుంచుకోవడం వల్ల కలిగే ప్రమాదం ఇది.

ఇసుక విషయంలో మరొక జాగ్రత్త అవసరం. తేమ తగిలిన ఇసుక ఉబ్బుతుంది. ఈ ఉబ్బు 25 శాతం ఉంటే 264 ఘనపుటడుగుల పొడి ఇసుకకు 330 ఘనపుటడుగుల తడి ఇసుక కొలవాలి. లేకపోతే పెట్టె నిండినట్టే కనిపించినా ఇసుక తక్కువ పడుతుంది. బరువుతో కొన్నప్పుడు కూడా ఇసుకతోపాటు నీటి బరువుకూ వెల చెల్లించినట్టవుతుంది.

నీటి పరిమాణం అంచనాలో చివరి అంశంగా కనిపించినా ప్రాధాన్యంలో మొదటిది. ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం ఎం20 నామమాత్ర మిశ్రమంలో 50 కిలోల సిమెంటుకు నీరు 30 లీటర్లు మించకూడదు. ఇసుక, కంకరలు కలిపి 250 కిలోలు మించకూడదు. నిష్పత్తుల ఆధారంగా కలిపే ఈ పద్ధతి ఎం20 వరకే అనుమతించదగినదని కూడా ఆ ప్రమాణం చెబుతుంది. ఇంజనీరు ఎం25 కోరినచోట మేస్త్రీ వాడుక నిష్పత్తి చాలదు. ప్రయోగశాలలో నిర్ధారించిన మిశ్రమం కావాలి.

6. లారీల లెక్క, పోసే రోజు సరిచూపు

రెడీమిక్స్ లారీలో 6 ఘనపు మీటర్లు వస్తాయనుకుంటే పటం ప్రకారం తరుగుతో కలిపి 17.78 ఘనపు మీటర్లకు మూడు లారీలు సరిపోతాయి. మొత్తం 18 ఘనపు మీటర్లు. లెక్క కుదిరినట్టే ఉంది. అయితే సమమితి ప్రకారం తరుగు కలపకుండానే 17.67 ఘనపు మీటర్లు కావాలి. మిగులు 0.33 మాత్రమే. పంపుతో పోసేటప్పుడు 5 అంగుళాల వ్యాసం గల గొట్టంలో, నూరడుగుల పొడవుకు, 0.39 ఘనపు మీటర్ల కాంక్రీటు నిండి ఉంటుంది. చివరలో దాన్ని పూర్తిగా స్లాబు మీదికి నెట్టలేకపోతే మూడు లారీలు చాలవు. తరుగు కలిపితే 18.55 ఘనపు మీటర్లు అవసరమవుతాయి.

ముందురోజే ఈ సంగతి తెలిస్తే రెండు మార్గాలున్నాయి. కుంగిన చోట్ల కర్రలు బిగించి సెంట్రింగును మట్టానికి తేవడం మొదటిది. అదనంగా ఒక ఘనపు మీటరు సిద్ధంగా ఉండేలా ముందే మాట్లాడుకోవడం రెండవది. పోసే రోజు సాయంత్రం తెలిస్తే రెండూ కష్టమే. ఐఎస్ 4926 ప్రకారం రెడీమిక్స్ కాంక్రీటును నింపిన సమయం నుండి రెండు గంటల్లోగా దింపాలి. ప్లాంటు దూరం, రహదారి రద్దీ కూడా ఈ రెండు గంటల్లోనే చేరతాయి.

పని జరుగుతుండగా అంచనాను సరిచూడడానికి సులభమైన మార్గం ఉంది. పటం ప్రకారం దూలాలను కలుపుకొని చదరపుటడుగుకు సగటున 0.529 ఘనపుటడుగుల కాంక్రీటు పడుతుంది. 6 ఘనపు మీటర్లు అంటే 211.9 ఘనపుటడుగులు. దూలాలు సమంగా పరచుకుని ఉంటే ఒక లారీ సుమారు 400 చదరపుటడుగులు నింపాలి. రెండు లారీల తరువాత 800 చదరపుటడుగులు నిండాలి. 767 దగ్గరే ఆగితే మందం సగటున 5.28 అంగుళాలు పడుతోందని గ్రహించాలి. అప్పుడు మిగిలిన వైశాల్యాన్ని టేపుతో కొలిచి, చివరి లారీలో ఎంత కావాలో ప్లాంటుకు తెలపాలి. చివరి లారీని ఈ కొలత తరువాతే నింపించడం మంచిది.

వచ్చిన కాంక్రీటు పరిమాణంపై అనుమానం ఉంటే లారీని ధర్మకాంటా మీద తూచవచ్చు. తాజా కాంక్రీటు ఘనపు మీటరుకు సుమారు 2,400 కిలోలు ఉంటుంది. 6 ఘనపు మీటర్లకు నిండు లారీ, ఖాళీ లారీ బరువుల మధ్య తేడా 14.4 టన్నులకు దగ్గరగా ఉండాలి. స్లాబు నిండకపోతే దోషం లారీదా, సెంట్రింగుదా అన్నది ఈ తూకంతో తేలుతుంది. యజమానికీ సరఫరాదారుకూ నడుమ వాదం రాకుండా ఇది ఉపకరిస్తుంది.

7. అంచనా తప్పితే

కాంక్రీటు తక్కువైనప్పుడు పనిచోట సాధారణంగా మూడు దారులు తొక్కుతారు. మొదటిది చివరి అంకణాన్ని పలుచగా లాగడం. ఐఎస్ 456 ప్రకారం సాధారణ పరిసరాల్లో ఉక్కుపై కనీస కప్పుదల 20 మి.మీ. దూలాల మీదుగా పోయే పై ఉక్కు దగ్గర స్లాబు మందం అర అంగుళం తగ్గితే ఆ కప్పుదల 7 మి.మీ.కి పడిపోతుంది. తేమ చేరి ఉక్కు తుప్పు పట్టడానికి అది దారి ఇస్తుంది. రెండవది అప్పటికప్పుడు చేతికందిన సిమెంటు, ఇసుక, కంకరలను కొలతలేకుండా, నీరు ఎక్కువపోసి కలపడం. అదే స్లాబులో ఆ చెక్క ఒక్కటి వేరే బలంతో ఉంటుంది. మూడవది పని ఆపి మరునాడు కొనసాగించడం. ఇంజనీరు చూపిన చోట, కోతబలం తక్కువగా ఉండే నడిమి భాగంలో, నిలువు అంచు కట్టి ఆపితే దీనివల్ల హాని తక్కువ. కాంక్రీటు అయిపోయిన చోటల్లా ఏటవాలుగా వదిలేస్తే అది బలహీనమైన అతుకు అవుతుంది. మూడింటిలో క్రమం తప్పనిది మూడవదే అయినా, ఆ అతుకు ఎక్కడ రావాలో ముందే నిర్ణయించి ఉండాలి.

అదనంగా మిగిలే ఒక ఘనపు మీటరు కాంక్రీటుకు ముందే చోటు చూసుకోవచ్చు. గేటు వద్ద నేల, సెప్టిక్ ట్యాంకు మూతలు వంటి చిన్న పనులకు చట్రాలు సిద్ధం చేసి ఉంచుకుంటే మిగులు వృథా కాదు. లోటును పూడ్చడానికి అంత సులభమైన మార్గం లేదు. అంచనా వేసేటప్పుడు ఎటువైపు తప్పినా ఫరవాలేదో నిర్ణయించుకోవలసింది ఈ కారణంగానే.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన ముఖ్యాంశాలు ఇవి.

1. స్లాబు అంచనాలో పొడవు, వెడల్పుల కంటే మందంలోని తప్పు ఎన్నో రెట్లు ప్రభావం చూపుతుంది. ఉదాహరణలోని స్లాబుకు సగటున 8 మి.మీ. అదనపు మందం 5 శాతం తరుగునంతటినీ మింగివేస్తుంది.

2. పటంలోని మందం ఉద్దేశించిన మందం మాత్రమే. సెంట్రింగు మీద అనేక స్థానాల్లో కొలిచి తీసిన సమమితి అసలు మందం. లీలావతిలోని ఖాతవ్యవహార సూత్రం నేటి స్లాబుకు ఏ మార్పూ లేకుండా వర్తిస్తుంది.

3. 'స్లాబు' అన్న మాటలో దూలాలు చేరతాయో లేదో స్పష్టం చేసుకోవాలి. ఉదాహరణలో వాటి వాటా 21 శాతం.

4. 1.54 అన్న గుణకం పనిచోట కలిపే పొడి వస్తువులకే చెందుతుంది. రెడీమిక్స్ కాంక్రీటుకు అది వర్తించదు.

5. బస్తా, తట్ట, లోడు, అంకణం వంటి మాటలకు కొలత జోడించి నమోదు చేయడం నిర్మాణ రంగానికీ వృత్తిపద అధ్యయనానికీ అవసరం.

ముందురోజు సాయంత్రం ఒక దారం, ఒక టేపు, అరగంట సమయం ఉంటే సమమితి తేలుతుంది. ఆ అరగంట వెచ్చించని ఇంటిలో అదే తేడా చివరి అంకణంలో పలుచని పలకగానో, నీరెక్కువైన మిశ్రమంగానో, అతుకుగానో మిగిలిపోతుంది.